వేగులవాడికి ముఖం వచ్చిన కాలం

2019 జూన్‌లో నెల్లూరుకు ఒక డిటెక్టివ్ వచ్చాడు. ‘ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ’ సినిమాలో నవీన్ పోలిశెట్టి వేసిన పాత్ర అది. ఊళ్ళో చిన్న ఆఫీసు, బోర్డు మీద ఎఫ్.బి.ఐ. అని అక్షరాలు. విడమరిచి చదివితే ఫాతిమా బ్యూరో ఆఫ్ ఇన్వెస్టిగేషన్. సినిమాలు చూసి పరిశోధన నేర్చుకున్న కుర్రాడు చిల్లర కేసులతో బతుకు నెట్టుకొస్తూ, రైలు పట్టాల పక్కన దొరికే శవాల గుట్టు దాకా వెళ్తాడు. మధ్యలో తప్పులు చేస్తాడు, దెబ్బలు తింటాడు, ఏడుస్తాడు. జనం అతన్ని అక్కున చేర్చుకున్నారు.

నెల్లూరులో ఆ సినిమా చూసి రాత్రి బస్సులో ఆత్మకూరు తిరిగొస్తూ దారిపొడుగునా ఒకటే ఆలోచన. నలభై ఏళ్ళ కిందట ఇలాంటి హీరోని మా చేతిలో పెడితే తీసుకునేవాళ్ళమా? ఖచ్చితంగా తీసుకునేవాళ్ళం కాదు. అప్పట్లో మా హీరో నెల్లూరువాడు కావడానికి వీల్లేదు. ఎంత దూరం నుంచి వస్తే అంత గొప్ప. మాకు తెలిసిన సందు, మేము తాగే టీ బంకు, మా యాస ఉన్నవాడు ప్రపంచాన్ని కాపాడతాడంటే నమ్మే మనసు మాకు లేదు.

1980ల మొదట్లో ఆత్మకూరు బస్టాండుకు దగ్గర్లో ఒక అద్దె పుస్తకాల కొట్టు ఉండేది. నాలుగు చెక్క అరలు, ఒక బల్ల, లెక్కలు రాసుకునే రూళ్ళ పుస్తకం, అంతే. డిపాజిట్టు కడితే రోజుకు పావలా అద్దె. కింది అరల్లో వారపత్రికల్లోంచి చింపి కుట్టిన సీరియళ్ళు, పై అరల్లో డిటెక్టివ్‌లు, మధుబాబు రాసిన షాడో నవలలు. ప్రతి పుస్తకానికీ సిమెంటు సంచి కాగితంతో అట్ట, దానికి మైదా జిగురు వాసన, మొదటి పేజీలో ఊదారంగు రబ్బరు స్టాంపు. చాలావాటికి చివరి పేజీ ఉండేది కాదు. ఉన్నవాటిలో ఎవరో ముందే లోపలి అట్ట మీద పెన్సిలుతో హంతకుడి పేరు రాసిపెట్టేవాడు. కొట్టాయన నన్ను చూడగానే “ఏందబ్బయ్యా, మళ్ళా షాడోనేనా?” అనేవాడు. ఉదయగిరి బస్సు కోసం నిలబడ్డవాళ్ళు కూడా దారి ఖర్చు కింద ఒక పుస్తకం తీసుకుని, మర్నాడు కండక్టరు చేత తిరిగి పంపేవాళ్ళు. అలా ఎన్ని షాడోలు వింజమూరు మీదుగా దుర్గం కిందికి వెళ్ళి వెనక్కి వచ్చాయో ఆ రూళ్ళ పుస్తకానికే తెలియాలి.

ఆ కొట్టు ఇప్పుడు లేదు. ఉన్నప్పుడు తట్టని విషయం ఒకటి ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తుంటే తట్టింది. గూఢచారి మన సాహిత్యంలో ఎప్పటినుంచో ఉన్నాడు. అతనికొక పేరు, ఒక ముఖం, ఒక నంబరు పెట్టి మనం ఆరాధించింది మాత్రం ముప్పై ఏళ్ళే. ఆ ముప్పై ఏళ్ళను అర్థం చేసుకోవాలంటే చాలా వెనక నుంచి రావాలి. అందులో సగం దారి మా నెల్లూరు సీమ మీదుగానే ఉంది.

తిక్కన నుంచి మొదలుపెడతాను. 13వ శతాబ్దంలో నెల్లూరులో మనుమసిద్ధి కొలువులో ఉన్న ఆ మహాకవి భారతాన్ని విరాటపర్వంతో అందుకున్నాడు. విరాటపర్వమంటేనే మారువేషాల కథ. దుర్యోధనుడి వేగులు ఊళ్ళూ అడవులూ గాలించి ఖాళీ చేతులతో తిరిగొస్తారు. పాండవుల జాడ ఎక్కడా లేదంటారు. విరాటుడి బావమరిది కీచకుణ్ణి ఎవరో గంధర్వులు రాత్రివేళ చంపారట అన్న కబురు కూడా మాట వరసకు చెబుతారు. తెచ్చినవాళ్ళకు ఆ కబురు విలువ తెలియదు. విన్న కొలువు మాత్రం దాన్నిబట్టే విరాటుడి ఆవుల మందల మీదికి కదులుతుంది. కబురు తెచ్చేవాడొకడు, దాన్ని చదివేవాడు ఇంకొకడు. గూఢచర్యమనే పని మొత్తం ఈ సన్నివేశంలో ఉంది. అయినా ఆ వేగుల్లో ఒక్కడి పేరు కూడా మనకు తెలియదు. కౌటిల్యుడి అర్థశాస్త్రంలోనూ అంతే. సన్యాసి వేషంలో ఒకడు, వర్తకుడి వేషంలో ఒకడు, విద్యార్థి వేషంలో ఒకడు. వేషాలకు పేర్లున్నాయి గాని మనుషులకు లేవు.

ఇక మా ఉదయగిరి. ఈ ఊరి కొయ్య చెంచాలు, గరిటెలు దేశమంతా తెలుసు. 2015లో వాటికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. నగిషీ పనివాళ్ళు చెంచా కాడ మీద సన్న ఉలితో గీత గీస్తూ తలెత్తితే ఎదురుగా దుర్గం కనిపిస్తుంది. ఆ కొండ మీది కోటను గజపతుల చేతుల్లోంచి తీసుకోవడానికి కృష్ణదేవరాయలు 1513లో ముట్టడి మొదలుపెట్టాడు. ఏడాదిన్నర పట్టిందని, కొండరాళ్ళు బద్దలుకొట్టి దారులు వేయించాడని పోర్చుగీసు యాత్రికుడు నూనిజ్ రాశాడు. 1514 జూన్‌లో కోట పడింది. గజపతి బంధువు తిరుమల రౌతరాయడు పట్టుబడ్డాడు. ఉదయగిరి బాలకృష్ణుడి విగ్రహాన్ని రాయలు విజయనగరం తీసుకుపోయి గుడి కట్టించి ప్రతిష్ఠించాడు. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది.

ఇంత ముట్టడి నడిపినవాడు వేగుల గురించి ఏమనుకున్నాడో ఆయన మాటల్లోనే ఉంది. ఆముక్తమాల్యదలోని రాజనీతి భాగంలో వేగులవాడి లక్షణాలు చెప్పాడు. పలు భాషలు తెలిసి ఉండాలి. తోటి వేగులకు కూడా తెలియకూడదు. మనిషి మీద గుర్తుపట్టే చిహ్నమేదీ ఉండకూడదు. అతనికి మాత్రం కోరినదానికన్నా ఎక్కువే ఇవ్వాలి. యుద్ధంలో రాటుదేలిన రాజు రాసిన మాటలివి. చూడగానే మరిచిపోయే మనిషే మంచి వేగు అని ఆయన లెక్క. మేము పావలా అద్దెకు చదివిన హీరోలందరూ ఈ పరీక్షలో మొదటి రోజే తప్పేవాళ్ళు. గదిలోకి అడుగుపెడితే అందరి తలలూ తిరిగే మనిషి ఏం వేగు?

రాయల కథనే ఆ తరవాత మధుర నాయకుల కాలంలో వచనంలో చెప్పిన రాయవాచకంలో అడుగడుగునా వేగులే. ఒకచోట మంత్రి అప్పాజీ చేసిన పని చూడండి. గజపతి కింద పదహారుగురు పాత్రులున్నారు, ఎదురు నిలిస్తే గెలవడం కష్టం. అప్పాజీ ఆ పదహారుగురి పేరా ధనం నింపిన పెట్టెలు, ముందే ఒప్పందం కుదిరిందన్నట్టు జాబులు సిద్ధం చేయించి, అవి గజపతి మనుషుల చేతికే చిక్కేలా పంపుతాడు. గజపతికి తన మనుషుల మీదే అనుమానం పుట్టి రాత్రికి రాత్రే వెళ్ళిపోతాడు. కత్తి దూసిన పని లేదు, పదహారుగురూ నిర్దోషులు. అనుమానాన్ని ఆయుధం చేసే ఈ ఎత్తు ఇంగ్లీషులో జాన్ లె కారే నవలల్లో కనిపిస్తే ప్రపంచం ఆహా అన్నది. అంతకు మూడున్నర శతాబ్దాల ముందే అది తెలుగు వచనంలో ఉంది. గూఢచర్యం గురించి తెలుగులో ఇంతకన్నా తెలివైన కథ నేను చదవలేదు.

నిజంగా జరిగిన కుట్ర కథ కూడా ఉదయగిరికి ఒకటుంది. 1839లో కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్ మీద, హైదరాబాదులో నిజాం తమ్ముడు ముబారిజుద్దౌలా మీద కుంపిణీకి అనుమానం వచ్చింది. తెల్లవాళ్ళ మీద లేవడానికి వహాబీలతో కలిసి మందుగుండు కూడబెడుతున్నారని ఆరోపణ. కర్నూలు కోటలో వెదికితే దాచిపెట్టిన ఆయుధాలు కుప్పలుగా బయటపడ్డాయి. ఆ వరసలోనే ఉదయగిరి జాగీర్దారు అబ్బాస్ అలీఖాన్ పేరూ వచ్చింది. జాగీరు పోయింది, ఆయన్ను చెంగల్పట్టుకు పంపేశారు. ఫకీరు వేషాలు, రహస్య జాబులు, ఊరూరా చెవులు వేసిన కుంపిణీ మనుషులు. నవలకు కావలసిన సరుకంతా ఉంది. ఎవరూ నవల రాయలేదు. ఆ కథలో కబురు అందించినవాడు ద్రోహి, పట్టుబడ్డవాడు దేశభక్తుడు అని చెప్పడానికి ఇంకో వందేళ్ళు పట్టే కాలం అది. అప్పటికింకా కబుర్లు మోసేవాణ్ణి హీరోగా చూసే కళ్ళు ఎవరికీ లేవు.

ఆ కళ్ళు మొదట తెరిపించింది వేదం వేంకటరాయశాస్త్రి. 1897 నాటి ‘ప్రతాపరుద్రీయం’ నాటకంలో ఓరుగల్లు రాజును ఢిల్లీ సుల్తాను పట్టుకుపోతే, విడిపించడానికి మంత్రి యుగంధరుడు పిచ్చివాడి వేషంలో ఢిల్లీ చేరతాడు. తాను చేయబోయే పనినే పిచ్చికేకలుగా వీధుల్లో అరుస్తాడు. ఢిల్లీ నవ్వుకుంటుంది. నిజాన్ని గొంతెత్తి చెబుతూనే దాచిపెట్టిన ఆ తెలివికి తెలుగు ప్రేక్షకుడు ఉప్పొంగిపోయాడు. ఇక్కడ ఓరుగల్లులో రాజు పోలికలున్న చాకలి పేరిగాడు గద్దె మీద కూర్చుంటాడు, మాట్లాడేది తన సొంత యాసలోనే. శాస్త్రిగారి నాటకాలను ఆడి ఊరూరా పేరు తెచ్చింది నెల్లూరు ఆంధ్ర భాషాభిమాని సమాజం. అంటే పేరూ ముఖమూ ఉన్న మొదటి తెలుగు గూఢచారికి చప్పట్లు కొట్టినవాళ్ళలో మా జిల్లావాళ్ళు ముందువరసలోనే ఉన్నారు. తెల్లవాడి పాలనలో కూర్చుని, దూరపు రాజధానిలోకి మనవాడొకడు చొరబడి మన రాజును తెచ్చుకున్నాడన్న కథ చూడటంలో ఎంత ఆనందం ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు.

తరవాతి నలభై యాభై ఏళ్ళు అపరాధ పరిశోధక నవలవి. బెంగాలీ నుంచి పాంచకడీదేవు నవలలు దిగుమతి అయ్యాయి, ఇంగ్లీషు నుంచి షెర్లాక్ హోమ్స్ నీడలు వచ్చాయి. రైళ్ళలో అమ్ముడుపోయే చౌక నవలకు కొవ్వలి దారి వేశాడు. ఇవన్నీ పాఠకుణ్ణి తయారుచేశాయి గాని హీరోని తయారుచేయలేదు.

ఆ పని కొమ్మూరి సాంబశివరావు చేశాడు. 1926లో పుట్టి 1994లో పోయిన ఈ రచయిత డిటెక్టివ్ యుగంధర్‌ని సృష్టించాడు. అసిస్టెంటు రాజు, ఇన్‌స్పెక్టర్ స్వరాజ్యరావు, క్రైస్లర్ కారు, మద్రాసు. ‘చావు కేక’, ‘ఉరితాడు’, ‘లక్షాధికారి హత్య’, ‘మతి పోయిన మనిషి’ లాంటి పేర్లు వింటే ఇప్పటికీ అరవై దాటినవాళ్ళ కళ్ళు మెరుస్తాయి. యుగంధర్ అన్న పేరు చెవినపడగానే పిచ్చివేషంలో ఢిల్లీ చేరిన మంత్రి గుర్తుకొచ్చిన తరం అది. కొమ్మూరి తెలుగు సాఫీగా, పొదుపుగా ఉంటుంది. చిన్న వాక్యాలు, సంభాషణలతోనే కథ నడుస్తుంది. యుగంధర్ పిడికిలికన్నా బుర్రను నమ్ముకుంటాడు, పరిగెత్తే పని రాజుకు వదిలేస్తాడు. గూఢచారి కన్నా పరిశోధకుడే అయినా, దేశరహస్యాల జోలికి కూడా అప్పుడప్పుడూ వెళ్ళినవాడు.

అతను మాకు ఎందుకు నచ్చాడంటే, నా మటుకు నేను మద్రాసు అని చెబుతాను. నెల్లూరు జిల్లావాళ్ళకు మద్రాసు పొరుగూరు. పెద్దాసుపత్రికి మద్రాసు, పెళ్ళి చీరలకు మద్రాసు, హైకోర్టు వ్యాజ్యాలకు ఒకప్పుడు మద్రాసు. 1953లో రాష్ట్రం విడిపోయినా ఆ అలవాటు విడిపోలేదు. మౌంట్ రోడ్డు మీద యుగంధర్ కారు వెళ్తుంటే ఆత్మకూరులో పుస్తకం పట్టుకున్నవాడికి, తాను ఒకసారి బస్సు దిగి నిలబడ్డ చోటే కదా అనిపించేది. తెలిసిన ఊళ్ళో తెలియని సంగతులు జరగడంలోనే యుగంధర్ ఆకర్షణంతా ఉంది.

*

అప్పుడు వచ్చింది 1966, ‘గూఢచారి 116’. ఇంగ్లండులో ఇయాన్ ఫ్లెమింగ్ 1953లోనే జేమ్స్ బాండ్‌ను పుట్టించాడు. 1962లో బాండ్ తెరకెక్కాక ప్రపంచమంతా నంబర్ల గూఢచారులు పుట్టుకొచ్చారు. సుందర్‌లాల్ నహతా, డూండీ నిర్మించగా ఎం. మల్లికార్జునరావు తీసిన మన సినిమాలో కృష్ణ హీరో, జయలలిత నాయిక. ‘తేనె మనసులు’లో కృష్ణ స్కూటరు మీద నుంచి కారు మీదికి దూకిన సాహసం చూసి డూండీ ఈ వేషం ఇచ్చాడని ప్రతీతి. ఆ నంబరును నేను చాలా ఇష్టంగా తలుచుకుంటాను. నూట పదహారు అంటే మనింట్లో పెళ్ళి చదివింపుల అంకె, పంతులుగారి దక్షిణ అంకె. దిగుమతి అయిన టోపీ పెట్టుకున్న గూఢచారి మన శుభసంఖ్యతో వచ్చి నిలబడ్డాడు.

కాలం కూడా అనుకూలించింది. 1962లో చైనా దెబ్బ, 1965లో పాకిస్తాన్ యుద్ధం. సరిహద్దు అన్న మాట మొదటిసారి పల్లెటూరి రేడియో చుట్టూ వినిపించిన రోజులు. మనవాడొకడు అవతలివాడి గూట్లోకి దూరి గెలిచి వచ్చాడంటే జనానికి మందు వేసినట్టుండేది. తరవాత కృష్ణ ‘జేమ్స్ బాండ్ 777’, ‘ఏజెంట్ గోపి’, ‘రహస్య గూఢచారి’ చేసుకుంటూ పోయాడు. మా వైపు ఆంధ్రా జేమ్స్ బాండ్ అంటే కృష్ణే, చర్చే లేదు.

షాడో ఈ నేల మీద మొలిచాడు. స్కూలు మాస్టారుగా పనిచేసిన మధుబాబు కృష్ణా జిల్లాలో కూర్చుని ఈ హీరోని రాశాడు. షాడో చట్టానికి అవతలి గట్టున మొదలై అధిపతి కులకర్ణి చేయిపట్టుకుని సి.ఐ.బి. అనే రహస్య సంస్థలోకి వచ్చినవాడు. పక్కన గంగారామ్, ముఖేష్, శ్రీకర్. ఇంట్లో బిందు. శత్రువు ఎప్పుడూ పెద్దవాడే, దేశానికే ముప్పు తెచ్చేవాడు. విమానం, దీవి, ఎడారి, మంచుకొండ, కాలి కింద నేల ప్రతి ముప్పై పేజీలకూ మారిపోతుంది. షాడో ఖాళీ చేతులతో పదిమందిని పడగొడతాడు. బ్రూస్‌లీ ‘ఎంటర్ ది డ్రాగన్’ 1973లో వచ్చాక ఊరూరా కరాటే పిచ్చి పట్టుకున్న తరానికి ఆ కొట్లాటలు కళ్ళకు కట్టేవి. గాలిలోకి ఎగిరే కాలు ఎక్కడ తగులుతుందో, ఎముక ఎక్కడ విరుగుతుందో మాస్టారు బ్లాక్ బోర్డు మీద లెక్క చేసి చూపించినంత శుభ్రంగా రాసేవాడు మధుబాబు. ఆ స్పష్టత ఆయన సొత్తు. ఎవరు ఏ గదిలో, ఏ మూల, ఏ ఆయుధంతో ఉన్నారో పాఠకుడికి ఒక్క క్షణం కూడా అనుమానం రాదు. సాహిత్య విమర్శకులు ఆయన్ను పట్టించుకోలేదు. పట్టించుకోవలసింది. వేలమందికి చదివే వేగం నేర్పిన వచనం అది.

మెట్ట ప్రాంతపు కుర్రాళ్ళకు షాడో ఎందుకంత కావలసివచ్చాడు? ఇక్కడ నా మాట కాస్త నొక్కి చెబుతాను. నెల్లూరు జిల్లా తూర్పున పెన్నా కాలువల కింద వరిపొలాలు. పడమట మా ఉదయగిరి, ఆత్మకూరు వైపు వాన మీద ఆధారం, రాళ్ళ నేల. పెన్న మా పక్కనుంచే పోతున్నా సోమశిల ఆనకట్ట పూర్తయ్యేసరికి 1980లు గడిచిపోయాయి. పదో తరగతి అయ్యాక ఏం చేయాలో తెలియని వయసులో మాకు బయటి ప్రపంచం మీద విపరీతమైన ఆకలి. టీవీ లేదు, పటం తప్ప దేశాలు తెలియవు. షాడో నవల మాకు పాస్‌పోర్టు. పావలాకు విమానం ఎక్కించేవాడు, పరాయి గడ్డ మీద మన మనిషి తల ఎత్తుకు తిరగగలడని చూపించేవాడు. పైగా అతను పెద్దింటి బిడ్డ కాడు, లోకం ముందు తరిమికొట్టి తరవాత అక్కున చేర్చుకున్నవాడు. ఆ ఒక్క సంగతి చాలు, మా ఊళ్ళో సగంమంది కుర్రాళ్ళు రాత్రి లాంతరు దగ్గర తమను తాము షాడో అనుకోవడానికి.

ఆ నవలల్లో నన్ను ఇప్పుడు ఇబ్బంది పెట్టేవి ఉన్నాయి. చైనావాడన్నా పాకిస్తాన్‌వాడన్నా చెడ్డవాడే అన్న తేలిక తీర్పు ఒకటి. ఆడమనిషి అయితే వలలో వేసే శత్రువు, లేదా వలలోంచి విడిపించవలసిన అబల అన్న లెక్క ఇంకొకటి. బాండ్‌కూ ఆ జబ్బే ఉంది. మా ఇళ్ళలో ఆడవాళ్ళు ఆ పుస్తకాలు ముట్టుకునేవాళ్ళు కాదు, దానికి కారణం వాళ్ళకు బాగానే తెలుసు. అదే మెట్టలో, కలిగిరి వైపు దూబగుంటలో, అక్షరాస్యతా బడుల్లో కొత్తగా చదువు నేర్చుకున్న ఆడవాళ్ళు 1992లో పాఠంలోని సీతమ్మ కథ చదివి సారా కొట్టు మూయించారు. 1995కల్లా రాష్ట్రమంతా మద్యనిషేధం వచ్చింది. మా గడ్డ మీద ఒక పుస్తకం చేయించిన అసలు సాహసం నా దృష్టిలో అది.

1963లో లె కారే ‘ది స్పై హూ కేమ్ ఇన్ ఫ్రమ్ ది కోల్డ్’ రాసి, గూఢచారిని సొంత యజమానులే బలిపెట్టే లోకాన్ని చూపించాడు. ఆయన జార్జ్ స్మైలీ లావుపాటి, కళ్ళద్దాల, ఎవరికీ గుర్తుండని మనిషి. రాయలు చూస్తే వెంటనే కొలువులో పెట్టుకునేవాడు. ఆ రకం నవల మా అద్దె కొట్టు దాకా రాలేదు. కులకర్ణి షాడోను మోసం చేస్తాడన్న ఊహ కూడా మాకు పుట్టలేదు. ప్రభుత్వం ఎప్పుడూ మంచి పక్షమే, రహస్య సంస్థ ఎప్పుడూ నిజమే చెబుతుంది. ఈ నమ్మకం ఎంత ప్రమాదమో 1994లో తెలిసింది.

శ్రీహరికోట 2022 దాకా మా జిల్లాలోనిదే. రాకెట్ పైకి లేస్తే ఇప్పటికీ మా ఊళ్ళో డాబాలెక్కి ఆగ్నేయ దిక్కు చూస్తాం. అలాంటి ఇస్రోలో శాస్త్రవేత్త నంబి నారాయణన్‌ను రాకెట్ రహస్యాలు అమ్మాడన్న ఆరోపణతో 1994 నవంబరులో కేరళ పోలీసులు అరెస్టు చేశారు. మాల్దీవుల ఆడవాళ్ళు, డబ్బు, దొంగిలించిన పత్రాలు అంటూ పత్రికలు రోజూ సీరియల్ నడిపాయి. నేనూ చదివాను. చదువుతూ ఒక్కసారి కూడా అనుమానించలేదు. ఆ కథ నాకు ముందే తెలుసు మరి, పై అరలోని నవలల్లో ఎన్నోసార్లు చదివిందే. 1996లో సి.బి.ఐ. ఆ ఆరోపణల్లో పస లేదని తేల్చింది. 2018 సెప్టెంబరు 14న సుప్రీంకోర్టు ఆయనకు 50 లక్షల పరిహారం ఇమ్మన్నది. మధ్యలో పోయిన ఇరవై నాలుగేళ్ళు ఎవరూ ఇవ్వలేదు. గూఢచారి నవలను ఎంతో ప్రేమించిన పాఠకుడిగా ఈ విషయంలో నాకు సిగ్గుగానే ఉంది.

షాడో తరం వెనకబడటం అప్పటికే మొదలైంది. చిరంజీవి 1983లో ‘గూఢచారి నెం.1’ చేశాడు. మూడేళ్ళు తిరగకుండా 1986లో జంధ్యాల ‘చంటబ్బాయ్’లో అదే చిరంజీవి డిటెక్టివ్ పాండురంగారావుగా నవ్వించాడు. జనం ఆ హీరోని చూసి నవ్వడానికి సిద్ధమయ్యారంటే ఆ హీరో రోజులు దగ్గరపడ్డట్టే. వారపత్రికల్లో యండమూరి, మల్లాది సీరియళ్ళు పాఠకుల్ని లాక్కుపోయాయి. 1990లలో కేబుల్ టీవీ వచ్చాక అద్దె కొట్లు ఒక్కొక్కటే మూతపడ్డాయి.

వీటన్నిటికన్నా పెద్ద కారణం మా బస్టాండులోనే ఉంది. షాడో నవల చదివిన కుర్రాళ్ళు బయలుదేరిపోయారు. కొందరు బెంగళూరు, చెన్నై, ఇంకొందరు గల్ఫ్ దేశాలకు, వాళ్ళ పిల్లలు అమెరికాకు. ఎడారి ఎలా ఉంటుందో ఇప్పుడు మా వీధిలో నలుగురికి నవల సాయం లేకుండానే తెలుసు. అక్కడ వాళ్ళు పడిన పాట్లు షాడో పడలేదు. పాస్‌పోర్టు నిజంగా చేతికొచ్చినవాడికి పావలా పాస్‌పోర్టుతో పనేముంది?

అందుకే కొత్త గూఢచారులు వేరే తీరున వచ్చారు. 2018 ఆగస్టులో వచ్చిన అడివి శేష్ ‘గూఢచారి’లో హీరోని సొంత సంస్థే ద్రోహి అనుకుంటుంది. లె కారే చెప్పిన సంగతి తెలుగు తెరకు యాభై అయిదేళ్ళు ఆలస్యంగా చేరింది. నంబి నారాయణన్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు కూడా సరిగ్గా నలభై రెండు రోజుల తరవాతే వచ్చింది. 2022లో ‘ఆర్ఆర్ఆర్’లో ఇద్దరు హీరోలూ మారువేషాల్లోనే ఉన్నారు, విరాటపర్వం మళ్ళీ ప్రపంచమంతా తిరిగొచ్చింది. వాటి మధ్య మా నెల్లూరు ఆత్రేయ. యుగంధరుడు ఓరుగల్లు నుంచి ఢిల్లీ వెళ్ళాడు. యుగంధర్ మద్రాసులో ఉన్నాడు. షాడో లోకమంతా తిరిగాడు. ఆత్రేయ నెల్లూరు దాటి పెద్దగా పోలేదు. హీరో ఇల్లు చేరాడు. చూసేవాళ్ళకు ఇప్పుడు దూరం మీద మోజు తగ్గి, తమ ఊరి గురించి ఎవరైనా చెబితే వినాలన్న కోరిక పెరిగింది. ఇది మంచి మార్పని నా అభిప్రాయం. అబ్బాస్ అలీఖాన్ కథ, అప్పాజీ పెట్టెల కథ రాయగల రచయితకు ఇంతకన్నా మంచి సమయం రాదు. ఉదయగిరి కుర్రాడో ఆత్మకూరు పిల్లో ఆ పని చేస్తే చూడాలని ఉంది.

ఒక్క సంగతి మిగిలింది. మధుబాబు ఈ-పుస్తకాల్లోకి వచ్చాడు, కొమ్మూరి కొంతవరకు దొరుకుతున్నాడు. టెంపోరావు, విశ్వప్రసాద్, గిరిజశ్రీ భగవాన్ లాంటివాళ్ళు ఆ పై అరల నిండా ఉండేవాళ్ళు. చౌక కాగితం మీద అచ్చయిన ఆ నవలలు ముట్టుకుంటే పొడి అవుతున్నాయి. మీ ఇంట్లో అటక మీద, పాత ట్రంకు పెట్టెలో అలాంటి పుస్తకం ఉంటే పాత పేపర్లవాడికి తూకానికి వేయకండి. ఉదయగిరిలోనైనా ఆత్మకూరులోనైనా శాఖా గ్రంథాలయానికి ఇవ్వండి, లేదా కనీసం ఫోనుతో పేజీ పేజీ ఫోటో తీసి దాచండి. చివరి పేజీ లేకపోయినా పరవాలేదు, ఇవ్వండి.